పిట్టలు లేని చేనికి కావలి

నా చిన్నప్పుడు మా వాడకట్టులో ‘మా చేను’ అనే మాట లేదు. దొర చేను ఉండేది, పటేలు చేను ఉండేది, చెరువు వెనక రాళ్ల చేను ఉండేది. అన్నిట్లోనూ దున్నేది, విత్తేది, కలుపు తీసేది, కోసేది మావాళ్లే. పొద్దున్నే సద్దిమూట కట్టుకుని ఫలానా వాళ్ల చేనికి పోతున్నామని చెప్పుకునేవాళ్లు తప్ప, మన చేనికి పోదాం పదండని ఎవరి నోటి నుంచీ నేను వినలేదు. పిల్లలం కాబట్టి అదొక లోటని కూడా మాకు తోచలేదు.

మా ఊరు ధర్మసాగర్‌కు అవతల. ఇప్పుడైతే వరంగల్‌లో ఆటో ఎక్కి కునుకు తీస్తే, ఆ కునుకు తీరకముందే దిగమంటారు. అప్పుడు ధర్మసాగర్ దాకా బస్సు, అక్కడి నుంచి కాళ్లు. అందుకే పట్నం నుంచి ఆఫీసరు ఎవరైనా మా ఊరికి రావాలంటే నూటొక్క అడ్డంకులు ఉండేవి. ఒకరోజు జీపు చెడిపోయేది, ఒకరోజు మీటింగు పడేది. ఆఫీసర్ల రాక కోసం ఎదురుచూడటం మా ఊళ్లో ఒక పనిలాగే ఉండేది, ఆ పనికి కూలి మాత్రం లేదు.

మొన్న కౌలు రైతుల సంఘం పిల్లలు మా ఇంటికి వచ్చారు. వాళ్లలో ఒక అమ్మాయి నా పక్కన కూర్చుని, “అమ్మమ్మా, మీ కాలంల భూమి ఎట్ల కొట్లాడి తెచ్చుకున్నరో జర చెప్పరాదే, ఫోన్ల రికార్డు చేసుకుంట” అంది. నాకు నవ్వొచ్చింది, కాస్త అలసట కూడా వచ్చింది. కొట్లాట గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. నాకు గుర్తున్నదల్లా ఒక మంచె, ఒక వడిసెల, అరిచి అరిచి బొంగురుపోయిన నా గొంతు, మా నాయనమ్మ చేసిన ఒక ఉపాయం. ఆ అమ్మాయి ఫోనులో చార్జింగు అయిపోయి సగమే రికార్డయింది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ఒక్కరి చేతిలో ఇంతకు మించి భూమి ఉండకూడదనే సీలింగు చట్టం వచ్చి దొర భూమిలో కొంత మిగులు కింద తేలింది. చట్టం ప్రకారం అది భూమి లేనివాళ్లకు రావాలి. కాగితం మీద తేలింది గానీ, నేల మీద దొరదే. ఆయన దున్నడు, ఎవరినీ దున్ననివ్వడు. ఊరికి పడమట మంచి రేగడి నేల పరికి కంపలు మొలిచి పడి ఉండేది. మా వాడకట్టులోనే ఒకాయన వరంగల్ మిల్లులో కొన్నేళ్లు పనిచేసి తిరిగొచ్చాడు. కూలీల సంఘం పెట్టాడు కాబట్టి ఆయన్ని అందరూ సంఘం అన్న అనేవాళ్లు. భూమి ఎవరి సాగులో ఉందో సర్కారు వచ్చి చూస్తుందనీ, చూసేనాటికి అక్కడ మన పంట నిలబడి ఉంటే భూమి మనకు పట్టా అవుతుందనీ ఆయన చెప్పాడు. పంట నిలబడి ఉండాలన్న మాట ఆయన పదే పదే చెప్పేవాడు. మా వాడకట్టంతా ఆ మాటను నమ్మింది.

బతుకమ్మ పండుగ ముందర కంపలు కొట్టి దున్నారు. పక్క ఊరి సంఘం వాళ్లు రెండు జతల ఎడ్లు ఇచ్చారు. అవి చాలకపోతే గొర్రును మనుషులే లాగారు. ఏం వేయాలన్న దగ్గర మాత్రం పేచీ వచ్చింది. ఆముదం వేస్తే అంగట్లో అమ్ముకుని నాలుగు పైసలు చూడొచ్చని మగవాళ్లు అన్నారు. మా నాయనమ్మ ఒప్పుకోలేదు. ఆమె నోటి ముందు నిలవడం మా తాతయ్యకే చేతకాలేదని చెప్పుకునేవాళ్లు, ఇక మిగతావాళ్లెంత?

“ఆముదం తింటరా? పండిందాన్ని అంగట్ల పోసి, మళ్ల గదే అంగట్ల గింజలకు నిలబడాలె. తినేది ఏద్దాం. జొన్న ఏద్దాం” అంది.

విత్తనాలు కొనే తాహతు లేదు. మా నాయనమ్మ ఇంట్లో అటక మీద నుంచి ఒక కుండ దింపింది. నిండా బూడిద కలిపిన పచ్చజొన్నలు. కోత అయిపోయిన చేలల్లో రాలిన కంకులు ఏరుకోవడాన్ని మావాళ్లు పరిగె ఏరడం అంటారు. ఏళ్ల తరబడి దొర చేలల్లో పరిగె ఏరుతూ, అందులో బాగా నిండిన కంకి దొరికినప్పుడల్లా దాన్ని తినకుండా పక్కన పెట్టి, ఏటికేడు పాతవి తీసి కొత్తవి పోస్తూ వచ్చింది. గుంట భూమి లేని మనిషి విత్తనాలెందుకు దాచిందని నేను పెద్దయ్యాక చాలాసార్లు అనుకున్నాను. అప్పుడు అడగాలని తోచలేదు. అలాంటి కుండలే ఇంకో నాలుగిళ్లలో బయటపడ్డాయి.

జొన్న చుట్టూ కుసుమ వేయించింది కూడా ఆమే. కుసుమ లేతగా ఉన్నప్పుడు ఆకు కూర వండుకోవచ్చు. పూత పట్టాక ఆకు అంచుకు ముళ్లు సూదుల్లా గట్టిపడతాయి, పశువు మూతి పెట్టదు. అందరూ ఒక సాలు వేస్తే ఆమె గట్టు వెంబడి దట్టంగా వేయించింది. దొర పశువుల కాపరి ఎప్పుడో ఒకరోజు దారి తప్పినట్టు మంద తోలుకొస్తాడని ఆమెకు తెలుసు. అన్నట్టే వచ్చాడు. మంద కుసుమ దాకా వచ్చి, మూతులు పొడిపించుకుని వెనక్కి తిరిగింది. ఆరోజు మా వాడకట్టులో అందరూ నవ్వుకున్నారు, చాలా రోజులకు అదే ఆఖరి నవ్వు.

ఎందుకంటే దొర ఆ తరువాత వేరే దారి పట్టాడు. సంఘంలో ఉన్న ఇళ్లవాళ్లను ఎవరూ కూలికి పిలవకూడదని ఊళ్లో చెప్పించాడు. మాకు కూలి అంటే గింజలు. పని లేకపోతే సాయంత్రం కొంగులో గింజలు పడవు, గింజలు పడకపోతే పొయ్యి వెలగదు. కొట్టడానికి మనుషులను పంపితే తిరగబడేవాళ్లేమో. పని బంద్ చేస్తే ఎవరి మీద తిరగబడాలి? చెరువు గట్టున తుమ్మికూర, పొన్నగంటి కూర దొరికినంత కాలం తెచ్చి ఉడికించుకున్నాం. నూకలు ఎక్కడైనా బదులు దొరికితే జావ కాచేవాళ్లు. ఆ జావలో నూక కోసం వెతికితే చెయ్యి నొప్పి పుట్టేది.

నాది కావలి పని. చేని మధ్యలో నాలుగు కర్రలు పాతి మంచె కట్టారు. పొద్దున ఎక్కితే పొద్దుగూకాక దిగేదాన్ని. వడిసెలలో మట్టిబెడ్డ పెట్టి తిప్పి విసిరితే గువ్వలు గుంపుగా లేచేవి. గొంతెత్తి అరిచేదాన్ని. కంకులు పాలుపట్టి, గట్టిపడి, పచ్చగా మెరుస్తూ తలలు వంచినప్పుడు నా పని ఎక్కువైంది. మంచె మీద నుంచి చేతికందే కంకులు ఊరిస్తూ ఉండేవి. ఒక్కటి తుంచకూడదు. సంఘం అన్న అందరికీ ఒట్టు పెట్టించాడు. సర్కారు సారు వచ్చి చూసేదాకా ఒక్క కంకి కూడా తెగకూడదు, నిలబడిన పంటే మన సాక్ష్యం అన్నాడు. పిల్లలతో కూడా ఒట్టు వేయించాడు.

సారు ఫలానా రోజు వస్తాడని కబురొచ్చింది. ఆరోజు మా వాడకట్టువాళ్లంతా తలలకు పోసుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని గట్టు మీద కూర్చున్నారు. పొద్దు వాలింది, సారు రాలేదు. ఇంకోసారి కబురొచ్చింది, ఇంకోసారి కూర్చున్నారు. జీపు దొరకలేదన్నారు. తరువాత సారుకు జ్వరమన్నారు. చలి ముదిరింది. కంకి పండి, ఎండి, గాలికి గింజ రాలడం మొదలైంది. పండిన చేను కోయకుండా చూస్తూ కూర్చోవడం మావాళ్లకు చేతకాని పని. పుట్టిన దగ్గర నుంచి వాళ్ల చేతులకు తెలిసింది ఒకటే, పండితే కోయాలి. మా పక్కింటి అక్క గట్టు మీద కూర్చుని రాలిన గింజల వంక చూసి కళ్లు తుడుచుకోవడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. అక్కడికీ ఆమెకు పిల్లలు లేరు.

మా ఇంట్లో పసివాడు ఉన్నాడు. మా తమ్ముడు అప్పటికి ఇంకా బోర్లా పడలేదు. అమ్మకు తిండి లేక పాలు ఎండిపోయాయి. వాడు మొదట్లో గుక్కపెట్టి ఏడ్చేవాడు. తరువాత ఏడుపు సన్నగిల్లింది. చివరకు నోరు తెరిచేవాడు గానీ గొంతు వచ్చేది కాదు. ఇంట్లో ఆ నిశ్శబ్దానికి నాకు భయమేసేది. మంచె మీదికి పోవడమే నయమనిపించేది. అక్కడ కనీసం పిట్టలు అరిచేవి.

ఒకరోజు మధ్యాహ్నం మా నాయనమ్మ చేనికి వచ్చింది. గట్టు మీద సంఘం అన్న, ఇంకో పదిమంది కూర్చుని ఉన్నారు. ఆమె ఎవరినీ పలకరించలేదు. కుసుమ పక్కకు వంచి లోపలికి పోయింది, ఒక కంకి తుంచింది, బయటికొచ్చి అందరి ముందర కూర్చుని అరచేతుల్లో నలిపి పొట్టు ఊదింది. ఆ గింజలను కొంగున ముడివేసుకుంది.

సంఘం అన్న లేచి నిలబడ్డాడు. “పెద్దమ్మా, ఏం జేస్తానవ్? ఒట్టు పెట్టుకున్నం గద. ఇయ్యాల నువ్వు తెంపితే రేపు అందరు తెంపుతరు. పంట లేకపోతే కేసు పోతది.”

“పోతే పోనియ్యి. ఇంట్ల నా మనుమడు పోతాండు” అంది మా నాయనమ్మ. “భూమి ఎందుకురా కొడుకా? తిననీకె గాదూ? తినకుండ సచ్చి గెలిస్తే, ఆ భూమిల మనల్ని బొంద పెడ్తరు. గంతకే పనికొస్తది.”

ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. ఆయన మాటలో తప్పు లేదు, ఆ సంగతి ఇప్పుడు నాకు బాగా తెలుసు. ఆయన ఇంట్లోనూ పిల్లలున్నారు. ఆకలికి ఓర్చుకోలేక కోసేసుకుంటారనే దొర కాచుకుని ఉన్నాడు. కోస్తే, పంట ఎక్కడుందని అడుగుతాడు. కోయకపోతే మనుషులే మిగలరు. ఏ దారిన పోయినా దొరే గెలిచేలాగ ఉంది. నేను మంచె మీద అరవడం మానేశాను.

అప్పుడు మా నాయనమ్మ చెప్పిన ఉపాయం ఇది. గట్టు వెంబడి ఉన్న జొన్న సాళ్లను ముట్టుకోవద్దు. లోపలి సాళ్లలో కంకులు మాత్రం కోసుకుందాం, చొప్ప నిలబెట్టే ఉంచుదాం. చుట్టూ కుసుమ ఉంది, లోపలికి ఎవరూ సులువుగా రారు. గట్టు మీద నిలబడి చూసేవాడికి చేను చేనులాగే ఉంటుంది. సంఘం అన్న చివరికి సరేనన్నాడు.

మర్నాడు పొద్దున మంచు దట్టంగా కురుస్తుండగా కోత మొదలుపెట్టారు. మామూలుగా జొన్నను మొదలు దగ్గర కోసి, పడేసి, తరువాత కంకి విరుస్తారు. నిలబడిన చొప్పను వంచి, కంకి కోసి, మళ్లీ చొప్పను నెమ్మదిగా వదలడం మావాళ్లకు ఎప్పుడూ లేని పని. మంచుకు తడిసి ఉన్నందువల్ల గింజ రాలలేదు. ఎవరూ పాట ఎత్తుకోలేదు. కొడవళ్ల చప్పుడూ, వదిలిన చొప్ప ఊగే చప్పుడూ తప్ప ఏమీ వినిపించలేదు. మంచె కింద, చొప్ప చాటున, కంకులన్నీ కుప్ప పోశారు.

ఆ తరువాత జరిగిందే నేను ఎన్నేళ్లయినా మరవలేనిది. కుప్ప పోయడం అయిపోగానే ఆడవాళ్లందరూ నాలుగడుగులు వెనక్కి జరిగి, కొంగులు సరిచేసుకుని, వరసగా నిలబడ్డారు. మగవాళ్లు వాళ్ల వెనక నిలబడ్డారు. అందరూ కుప్ప వంకే చూస్తున్నారు. ఎవరూ కదలరు. మంచె మీద నుంచి చూస్తున్న నాకు కూడా అది వింతగా అనిపించలేదు. కోత అయ్యాక అలాగే నిలబడాలి, దొర మనిషి వచ్చి కూలి కొలిచి కొంగులో పోయాలి, అప్పుడు ఇంటికి పోవాలి. అందరూ కొలిచేవాడి కోసం నిలబడ్డారు.

ముందు తెలివి తెచ్చుకున్నది మా నాయనమ్మే. అటూ ఇటూ చూసి నవ్వింది. “ఎవలొచ్చి కొలవాలె? దొరకు కబురు పెడ్దామా?” అంది. పక్కింటి అక్క కిసుక్కున నవ్వింది, తరువాత అందరూ నవ్వారు. నవ్వుతూనే కొందరు ఏడ్చారు. అంత నవ్వు నవ్విన మా నాయనమ్మకు కూడా ఆ కుప్ప మీద చెయ్యి వేయడానికి కాళ్లు ముందుకు రాలేదు. ఒక అడుగు వేసి ఆగింది. మళ్లీ ఒక అడుగు వేసింది. కుప్ప దగ్గర కూర్చుని చెయ్యి ఆనించింది.

పంచేటప్పుడు ఒకాయన, ఎవరెంత దున్నారో ఎవరెంత కోశారో దాని ప్రకారం పంచుదామన్నాడు. మా నాయనమ్మ తల ఊపింది, అడ్డంగా. “గది దొర లెక్క. చేతులు లెక్క పెట్టుడు ఆయన పని. మనం నోళ్లు లెక్క పెడ్దాం” అంది. అలా తినే నోళ్లను బట్టే పంచారు. పిల్లలు లేని పక్కింటి అక్క తన వాటాలోంచి దోసెడు తీసి మా అమ్మకు ఇచ్చింది. ఆరోజు మా ఇంట్లో పొయ్యి మీద జొన్న రవ్వ గట్క ఉడుకుతుంటే వచ్చిన వాసన నాకు ఇప్పటికీ ముక్కుకు తగులుతుంది. రెండు పూటలు తిన్నాక అమ్మకు పాలు పడ్డాయి, మా తమ్ముడు మళ్లీ గొంతెత్తి ఏడ్చాడు. వాడి ఏడుపు విని అందరం సంతోషించాం.

నా పని మాత్రం తప్పలేదు. చేని మధ్యలో కంకులు లేవు, కాబట్టి పిట్టలూ లేవు. గట్టు సాళ్ల మీద నాలుగు వాలినా కుసుమ దగ్గరే తిరిగి వెళ్లిపోయేవి. అయినా ఎప్పటిలాగే మంచె ఎక్కమంది మా నాయనమ్మ, ఎప్పటిలాగే అరవమంది. దారిన పోయే దొర మనుషులకు నా అరుపు వినపడకపోతే అనుమానం వస్తుందంది. అందుకని ఖాళీ చొప్ప మధ్య కూర్చుని, రాని పిట్టలను రోజంతా అదిలించాను. ఉన్న పిట్టలను తోలడం కంటే లేని పిట్టలను తోలడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది. ఎవరి మీద అరుస్తున్నానో తెలియక మధ్యమధ్యలో నాకే ఏడుపొచ్చేది. గొంతు పూర్తిగా బొంగురుపోయింది.

చివరికి సారు వచ్చాడు. ఎవరూ తలకు పోసుకోని రోజున, కబురు లేకుండా, ధర్మసాగర్‌లో బస్సు దిగి నడిచి వచ్చాడు. వెంట పట్వారి, దొర గుమాస్తా ఉన్నారు. సారు మనిషి సన్నగా, బూట్ల నిండా దుమ్ముతో, మాకంటే ఎక్కువ అలసిపోయినట్టు కనిపించాడు. గట్టు వెంబడి నడుస్తూ చేను చూశాడు. మావాళ్లు వెంట నడిచారు. నేను ఉన్న గొంతంతా పెట్టి అరిచాను, వడిసెల తిప్పాను.

గుమాస్తా ఊరుకోలేదు. “గట్టు మీద నిలబడి ఏం జూస్తరు సార్? లోపలికి పోయి సూడున్రి” అన్నాడు. సారు కుసుమలో కాలు పెట్టాడు. ముళ్లు ప్యాంటులోంచి దిగాయి. అయ్యో అని కాలు వెనక్కి తీసి, గట్టు మీద కూర్చుని ముళ్లు ఏరుకున్నాడు. మళ్లీ లోపలికి పోలేదు. దాంతో గండం గడిచిందనుకున్నాం.

అప్పటికి పొద్దు నడినెత్తిన ఉంది. సారు ఎక్కడి నుంచో పొద్దున్నే బయలుదేరి వచ్చాడు, ఆకలి మొహంలోనే తెలుస్తోంది. చేనికి వచ్చిన మనిషిని ఉత్త కడుపుతో పంపే అలవాటు మావాళ్లకు లేదు. తమకు లేకపోయినా, వచ్చినవాడు పగవాడైనా, అన్నం వేళకు వస్తే ఇంత పెట్టి పంపాలి. పెట్టడానికి మా ఇంట్లో ఉన్నది మాత్రం ఒకటే, ఆ చేని జొన్నతో చేసిన రొట్టె. మా నాయనమ్మ సద్దిమూట విప్పబోతుంటే సంఘం అన్న కళ్లతోనే వద్దన్నాడు. ఆమెకు కనిపించింది. మూట మీద చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తరువాత విప్పేసింది. మోదుగాకులో రొట్టె, ఎల్లిపాయ కారం పెట్టి సారు చేతికిచ్చింది.

సారు ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమిలాడు. నమలడం నెమ్మదించింది. రొట్టెను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. “కొత్త జొన్నలు” అన్నాడు.

గుమాస్తా మొహం వెలిగిపోయింది. “నేను జెప్పలే సార్? కోసుకున్నరు! లోపల ఉత్త చొప్పనే” అన్నాడు. సంఘం అన్న మొహం చూడలేకపోయాను. అన్ని రోజుల ఆకలి, అంత కాపలా ఒక్క రొట్టె ముక్కతో పోయాయి.

మా నాయనమ్మ సారు ఎదురుగా కింద కూర్చుంది. “ఔ సారూ. కోసుకున్నం, తిన్నం. మీరొస్తరని శానా రోజులు సూసినం. మీరు రాలే, కడుపు ఆగలే. మేమే దున్నినం, మేమే ఏసినం, మేమే తిన్నం. మేం దున్నకపోతే ఈ రొట్టె యాడికెల్లి వచ్చింది? ఇగ మీరేం రాస్తరో మీ ఇష్టం. ముందుగాల తినుర్రి, సల్లారుతది” అంది.

సారు రొట్టె మొత్తం తిన్నాడు. ఆకు మడిచి పక్కన పెట్టి, చెంబు నీళ్లతో చెయ్యి కడుక్కున్నాడు. నేనేమో మంచె మీద, కింద ఏం జరుగుతోందో సగం తెలిసీ సగం తెలియక, చెప్పిన పని మానకూడదని బొంగురు గొంతుతో అరుస్తూనే ఉన్నాను. సారు తల ఎత్తి నా వంక చూశాడు.

“అవ్వా, ఆ పిల్లను ఇంక దిగమను. వచ్చినకాడి నుంచి చూస్తున్న, ఒక్క పిట్ట లేదు” అన్నాడు.

ఆయనకు వచ్చీ రాగానే అంతా తెలిసిపోయిందన్నమాట. చేతిసంచిలోంచి కాగితం తీసి ఏదో రాసుకుని, వచ్చిన దారినే నడుచుకుంటూ పోయాడు. మా నాయనమ్మ నన్ను మంచె మీద నుంచి దింపి ఎత్తుకుంది. ఎత్తుకునే వయసు నాకు దాటిపోయింది, ఆమెకూ అంత బలం లేదు. అయినా ఎత్తుకుని ఇంటిదాకా నడిచింది.

సాగు మావాళ్లదేనని ఆ సారు రాశాడని తరువాత తెలిసింది. జాలిపడి రాశాడో, ఉన్నది ఉన్నట్టు రాశాడో, వేరే ఊరికి పోవాలనే తొందరలో రాశాడో నాకు తెలియదు. అంతటితో అయిపోయిందా అంటే లేదు. దొర కోర్టుకు పోయాడు. ఏళ్లు గడిచాయి. చివరకు ఎగువ సగం మావాళ్లకు పట్టా అయింది, చెరువు దగ్గరి దిగువ సగం దొరకే మిగిలింది. పట్టా కాగితం వచ్చేనాటికి మా నాయనమ్మ లేదు. సంఘం అన్న మాత్రం చూశాడు, కానీ అప్పటికి ఆయన చూపు బాగా మందగించింది. కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

గెలిచిన కథగా చెప్పుకోవాలంటే ఇక్కడ ఆపేయాలి. కానీ నేను ఆ తరువాత కూడా బతికాను కదా. ఎగువ భూమిలో జొన్న పోయి పత్తి వచ్చింది. పత్తితో పాటు అంగడి విత్తనాలు, అంగడి మందులు, చివరకు అంగడి బియ్యం వచ్చాయి. ఆరోజు పాలకు ఏడ్చిన మా తమ్ముడే, వాడి కొడుకు దవాఖానలో పడ్డప్పుడు తన వాటా అమ్మేశాడు. అక్కడ ఇప్పుడు తెల్ల రాళ్లు పాతి ప్లాట్లు చేశారు. వాడి మీద నాకు కోపం లేదు, వాడు ఆ దారిన పోయినప్పుడు మొహం అటు తిప్పుకుంటాడు, అది చూస్తే మాత్రం బాధేస్తుంది. నేను దిగువ భూమిలో కొంత కౌలుకు చేస్తున్నాను. దొర మనుమలు హన్మకొండలో ఉంటారు. కంప్యూటర్లో పేరు వాళ్లది, దున్నేది నేను. వాన చెడగొట్టినా, వడగండ్లు పడ్డా పరిహారం ఇవ్వడానికి నేను రైతును కానట. మేమూ రైతులమేనన్న ఆ ఒక్క మాట కోసమే ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరుగుతున్నాం. ఏటూరునాగారం అడవి దిక్కు నుంచి కూడా పోడు చేసుకునేవాళ్లు వచ్చి మాతో కూర్చుంటున్నారు. పోయిన వారం సారు సెలవన్నారు, రేపు రమ్మన్నారు. ఎదురుచూడటం చిన్నప్పుడే నేర్చుకున్నాను కాబట్టి నాకు కొత్త కాదు, కాకపోతే ఇప్పుడు మోకాళ్లు సహకరించడం లేదు.

మొన్న వచ్చిన ఆ అమ్మాయి, రేపటి నుంచి అందరం ఏమీ తినకుండా ఆఫీసు ముందర కూర్చుందామని అంది. మంచి పిల్ల, మనసులో నిప్పుంది. సంఘం అన్న పక్కన ఆమెను నిలబెడితే ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. నేను కాదనలేదు, ఔననలేదు. నా కౌలు చేనిలో ఒక మూల, ఎవరెన్ని చెప్పినా పత్తి వేయకుండా, చుట్టూ కుసుమ పెట్టి పచ్చజొన్న పండిస్తాను. ఈ సాయంత్రం ఆ పిండి కలిపి రొట్టెలు చేస్తున్నాను. రేపు ఎంతమంది వస్తారో ఆ పిల్లను అడిగితే, టెంటు వేసే పనికి ఎంతమంది ఉన్నారో చెప్పింది. పనిచేసే చేతులు కాదు బిడ్డా, తినే నోళ్లు చెప్పమన్నాను.

నాకు ఇన్నేళ్లు వచ్చినా ఒక అలవాటు పోలేదు. మా చేని పంట కుప్ప పోశాక, నా కాళ్లు వాటంతట అవే నాలుగడుగులు వెనక్కి పోతాయి. కొంగు సరిచేసుకుని, ఎవరో వచ్చి కొలుస్తారని నిలబడతాను. రేషను దుకాణం దగ్గరా అంతే, ఆఫీసు వరండాలోనూ అంతే. నిలబడి, నిలబడి, అప్పుడు మా నాయనమ్మ నవ్వు వినిపిస్తుంది. ఎవలొచ్చి కొలవాలె అని. కాళ్లు నొప్పులు పెడుతున్నా, ఆమె వేసినట్టే ఒక అడుగు ముందుకు వేస్తాను.